శనివారం పెట్టిన బయాస్

మా చర్చిలో పదకొండేళ్లు గిటారు నేనే వాయించాను. గొప్పగా వాయించానని చెప్పను, కానీ వాయించింది నేనే. ఊరొదిలిపోతూ ఒక రైల్వే గార్డు చర్చికి ఇచ్చిపోయిన వాల్వు యాంప్లిఫయర్‌ను బతికించుకొచ్చిందీ నేనే. దానికో రోగం ఉండేది. పాట లేనప్పుడు కూడా వాల్వులు, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు బుడ్లు, కొంత కరెంటు తాగుతాయి. అది హద్దు దాటకుండా చూసేదాన్ని బయాస్ అంటారు. దాన్ని సరిచేసే స్క్రూ అరిగిపోయి, పెట్టిన చోట నిలిచేది కాదు. అందుకని ప్రతి ఆదివారం ఆరాధనకు గంట ముందే వెళ్లి, వెనక రేకు విప్పి, మీటరు పెట్టి సరిచేసేవాణ్ణి.

అప్పుడొచ్చాడు మెట్టుగూడ నుంచి అతను. రైల్వేలో ఫిట్టరు, పాతికేళ్లుంటాయి. ఒక్క పాటకు వాయించమన్నారు. అబ్బ, ఏం చెయ్యి! తీగల్ని బలంగా లాగి కొడుతుంటే కూర్చున్న బల్ల కింద నా కాళ్లు వాటంతటవే కదిలాయి. ముందు వరసలో పెద్దమ్మలు కళ్లొత్తుకున్నారు. మరుసటి వారం నుంచి నా కుర్చీ అతనిది. "మీరు సౌండు చూసుకోండి, మీ అంత తెలిసినవాళ్లెవరున్నారు?" అని పాస్టరుగారు తేనె పూసి చెప్పారు. చిలకలగూడలో మా ఇంటికి నడుస్తూ నా భార్య కూడా, "ఎంత బాగా వాయించాడండీ!" అంది. పదకొండేళ్లలో ఆ మాట నన్ను ఒక్కసారి అనలేదు ఆవిడ. ఆ పూట సగం అన్నంలోనే కంచం ముందు నుంచి లేచాను. కుళ్లు, మరేం కాదు. పైవాడికి తెలిసిందే, మీ దగ్గర దాచడమెందుకు?

వాడు వాయించడానికి ఆదివారం పొద్దున్నే నేనెందుకు లేవాలి? శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ బయాస్ పెట్టేసి, స్క్రూ కదలకుండా మా ఆవిడ గోళ్ల రంగు ఒక చుక్క వేసి పోయేవాణ్ణి. ఈ చిట్కా నాకు ముందే తెలుసు. ఇన్నాళ్లూ వాడలేదంటే, ఆదివారం అందరికన్నా ముందు చర్చికి పోవడం నాకు ఇష్టం కాబట్టి.

మొదటి వారమే మూడో పాటలో గుర్రుమని మోత లేచింది. శబ్దం వణికి, ఆగిపోయింది. వెనక్కి వెళ్లి చూస్తే వాల్వుల లోపలి రేకులు కొలిమిలో ఇనుములా ఎర్రబడి ఉన్నాయి. మరుసటి వారం మళ్లీ అదే. సంఘ పెద్ద ఒకాయన, రిటైరైన మాస్టారు, నన్ను పిలిచి అడిగారు.

"ఏమయ్యా, నీ చేతిలో ఎప్పుడూ ఇలా కాలేదే?"

"చెయ్యి బరువండీ. అంత మొరటుగా కొడితే పాత వాల్వులు తట్టుకోవు," అన్నాను. నమ్మే అన్నానా? సగం. మిగతా సగం కడుపుమంట.

అతను పక్కనే ఉన్నాడు. "నా చెయ్యి గంత బరువుందా అన్నా? నాకు సమజే కాలే," అన్నాడు వేళ్లు చూసుకుంటూ.

నా కుర్చీ నాకొచ్చింది. ఆ సంబరంలో ఆదివారం పొద్దున్నే పరుగెత్తాను. రేకు విప్పి మీటరు పెడితే, స్క్రూ మీద రంగు చెక్కుచెదరలేదు, కరెంటు మాత్రం హద్దు దాటిపోయింది. అనుమానమొచ్చి గోడ సాకెట్‌లో చూశాను. రెండువందల నలభై ఆరు వోల్టులు! శనివారం సాయంత్రం ఊరంతా లైట్లు వేసుకుంటే అదే సాకెట్‌లో నూట తొంభై కూడా ఉండదు. ఆదివారం పొద్దున బన్సీలాల్‌పేట్ వైపు లేతు మిషన్లూ పిండిమరలూ మూసి ఉంటాయి, వోల్టేజి ఎగిరి కూర్చుంటుంది. తక్కువలో పెట్టిన బయాస్ ఎక్కువలో వాల్వుల్ని కాల్చేస్తోంది. ఎప్పటిలా ఆదివారమే వచ్చి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. ఆడలేక మద్దెల ఓడంటారు. నేను ఓటి మద్దెల చేతికిచ్చి, ఆడేవాడికి ఆట రాదన్నాను.

రంగు గీకి, కరెంటు తగ్గించి, వాయించాను. యాంప్లిఫయర్ ఒక్కసారి కూడా దగ్గలేదు. "చూశారా, చెయ్యంటే అది!" అన్నారు మాస్టారు. అసలు సంగతి చెప్పేద్దామని లేచాను కూడా. నా భార్య నా వైపు చూసి మురిసిపోతోంది. కూర్చున్నాను.

బయట అతను నన్ను ఆపాడు. "అన్నా, జెర నాకు నేర్పుండ్రి. దానికి తక్లీఫ్ గాకుండ ఎట్ల కొట్టాలె?"

అప్పుడైనా చెప్పొచ్చు. అతని కుడిచెయ్యి పట్టుకుని, "మెల్లగా, తమ్ముడూ. వేలు తగిలీ తగలనట్టు," అన్నాను.

"గింత మెల్లగనా?"

"ఇంకా."

నెల రోజులు నేర్పాను. బుద్ధిగా నేర్చుకున్నాడు. తర్వాత ఒక ఆదివారం మళ్లీ అతనికి అవకాశమిచ్చారు. అచ్చం నాలాగే వాయించాడు, ఎక్కడా తప్పు లేకుండా, ఎవరికీ గుర్తుండకుండా. దిగి తిన్నగా నా దగ్గరికొచ్చి, "మంచిగ కొట్టిన్నా అన్నా?" అని అడిగాడు.

"చాలా బాగా వాయించావు," అన్నాను. అతన్ని నేను మెచ్చుకోవడం అదే మొదటిసారి.