గ్యాస్‌కు మందు

చల్లటి సోడా గటగటా తాగితే నా గుండె లయ తప్పుతుందని డాక్టర్ మా అక్క మొగుడి ముందే చెప్పాడు. ఆయన బుద్ధిగా తలూపాడు కూడా. కానీ సూరత్ లింబాయత్‌లో మరమగ్గాల మధ్య బతికే మావాళ్ళకు ఛాతీలో ఏమైనా గ్యాసే, దానికి మందు సోడాయే.

మొన్న మధ్యాహ్నం కడుపు నిండా తిని, తెగిన పోగు ముడి వేయడానికి మగ్గం మీదికి వంగాను. గుండె దడదడలాడి అదుపు తప్పింది. బావ సోడా పట్టుకుని ఉరికొచ్చాడు.

"గ్యాస్ పట్టింది బామ్మర్దీ, జర తాగు. ఒక్క తేన్పొస్తే అంతా సాఫ్."

"డాక్టర్ వద్దన్నడు గదా!"

"డాక్టర్లకేం ఎరుక?"

పక్క మగ్గాలవాళ్ళిద్దరు నా చేతులు పట్టుకున్నారు, బావ నోట్లో పోశాడు. కళ్ళు తెరిచేసరికి ఆస్పత్రిలో ఉన్నాను.

ఇంటికి పంపిన రోజు ఆస్పత్రి గేటు బయట బావ ఆటోలో నవ్వుతూ కూర్చున్నాడు. చేతిలో ఐసులోంచి అప్పుడే తీసిన సోడా సీసా.

"గోలీలు మింగి మింగి గ్యాస్ అయ్యుంటది," అన్నాడు.

తీసుకున్నాను. మొత్తం ఆయన నెత్తిన కుమ్మరించాను. అమ్మో అంటూ ఛాతీ పట్టుకున్నాడు.

"ఏం గాదు బావా, గ్యాసే," అన్నాను.