దొరసాని కళ్ళజోడు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కళ్ళజోళ్ళమ్మ ఇల్లంటే చాలు, ఎవరైనా చూపిస్తారు. బజారులోని కళ్ళజోళ్ళ దుకాణం వెనక చిన్న గదిలో, గిర్రున తిరిగే సానరాయి ముందు కూర్చుని, గుండ్రటి అద్దాల్ని ఫ్రేములో ఇమిడేలా అరగదీయడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం చిట్లుతుంది, లేదా ఊడి ఒళ్ళో పడుతుంది. ఆమె చేతిలో చిట్లినవి చాలా తక్కువ. కాకపోతే పాప పుట్టినప్పటి నుంచి, అంటే మూడేళ్ళుగా, ఆమె ఆ రాయి ముఖం చూడలేదు.

ఆ మూడేళ్ళూ ఆమెకు మతి చలించకుండా కాపాడినవి పెరట్లోని నాలుగు కోళ్ళే. పాప ఒళ్ళు వెచ్చగా ఉందేమో, ఊపిరి సరిగా ఆడుతోందో లేదో, గోడకున్న సున్నం గానీ నాకలేదు కదా అని గంటకోసారి ప్రాణాలు అరచేత పెట్టుకుని తిరిగే మనిషికి, కోళ్ళ దగ్గర కాస్త ఊపిరి సలిపేది. "కోడికి జ్వరం చూడక్కర్లేదు, అదీ నీ హాయి!" అని భర్త వేళాకోళమాడేవాడు. కోడికి జ్వరం చూడడం కూడా ఒకసారి అయిపోయిందని ఆయనకు తెలియదు.

కోళ్ళలో పెద్దది దొరసాని. చెప్పుల అట్టపెట్టెలో, బల్బు వేడిలో, అరచేతిలో ఇమిడే పిల్లగా ఉన్నప్పటి నుంచి కళ్ళజోళ్ళమ్మే పెంచింది. ఇప్పుడు నిగనిగలాడే ఎర్ర ఈకలతో పెరడంతా తనదే అన్నట్టు నడుస్తుంది. గింజలు చల్లితే ముందు దొరసాని తినాలి. దాని వెనక రెండడుగుల దూరంలో ఒదిగి నిలబడే నల్లకోడి గుమస్తా. మిగిలిన రెండూ తెల్లవి, కవలల్లా ఉంటాయి. ఎవరు ముందు నడిస్తే వాళ్ళ వెంట పోతాయి.

అంతా సాఫీగా సాగుతుండగా దుకాణం యజమాని నుంచి ఫోనొచ్చింది.

"ఒకటో తారీకు నుంచి వస్తానంటే నీ కుర్చీ నీదే తల్లీ. రాలేనంటే చెప్పెయ్, ఇంకో మనిషిని చూసుకుంటాను. ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను, ఇక నావల్ల కాదు."

వెళ్ళాలని ఆమె ప్రాణం లాగేసింది. కానీ పాపను ఎవరు చూస్తారు? భర్త ఫ్రిజ్‌లు బాగుచేస్తూ ఊరంతా తిరిగే మనిషి. చివరికి అత్తగారు ఒప్పుకుంది. నిన్నమొన్నటి దాకా ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసిన మనిషి. ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. సిపాయి కూడా వస్తాడు.

సిపాయి ఆవిడ పెంపుడు కుక్క. దూడంత ఒళ్ళు, పలకంత మూతి. వాడిని చూడగానే కళ్ళజోళ్ళమ్మకు ముచ్చెమటలు పోశాయి. నాలుగు రోజులు ఇనప జాలీకి అటు కోళ్ళనీ ఇటు కుక్కనీ ఉంచి ఒకరికొకరిని అలవాటు చేసింది. అయిదో రోజు జాలీ తలుపు తీసింది. కుక్క మీద పడితే గుమ్మరించడానికని భర్త బకెట్టు నిండా నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు.

దొరసాని తిన్నగా నడిచొచ్చింది. సిపాయిని ఎగాదిగా చూసింది. ముక్కు మీద ఒక్క పోటు పొడిచింది.

సిపాయి పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. వాడు అత్తగారి కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయి మంచం కింద దూరాడు. ఏం జరిగిందో అర్థంకాక భర్త ఆ బకెట్టు నీళ్ళు తన కాళ్ళ మీదే పోసుకున్నాడు.

ఆ రోజు నుంచి సిపాయి పెరట్లో కాలు పెడితే ఒట్టు. తన అవసరాలన్నీ ఇంట్లోనే తీర్చుకోవడం మొదలుపెట్టాడు. మొదటి రోజు చాప మీద, రెండో రోజు భర్త పనిముట్ల సంచిలో.

"అమ్మా, నా స్పానర్లన్నీ..." భర్త ఏడుపు ముఖం పెట్టాడు.

"స్పానర్లు కడుక్కుంటే సరిపోతుందిరా. వాడి మనసు విరిగింది, దాన్నెవరు కడుగుతారు?" అంది అత్తగారు. కోడలి వైపు తిరిగి, "అమ్మాయ్, నేను చెప్పేది విను. అయిదారొందల మంది పిల్లల్ని అదుపులో పెట్టాను గానీ ఈ కోడి దౌర్జన్యం నావల్ల కాదు. ఈ నెలాఖరు దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే నేనూ సిపాయీ మా దారిన మేం పోతాం," అంది.

అత్తగారు వెళ్ళిపోతే ఉద్యోగం పోయినట్టే. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"మా గ్యాస్ సిలిండర్ల అతను కోడినిస్తే తీసుకుంటానన్నాడు," అన్నాడు భర్త మెల్లగా.

"పెంచుకోవడానికా?"

ఆయన పైకప్పు వైపు చూశాడు.

"అయితే ఆ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకండి."

దొరసానిని విడిగా కంచెలో పెట్టి చూసింది. అది చిటికెలో ఎగిరి దూకింది. కంచె ఎత్తు పెంచితే గోడెక్కి దూకింది. అప్పుడు కళ్ళజోళ్ళమ్మకు తన విద్య గుర్తొచ్చింది. కోడి పొడవాలంటే ఎదర ఉన్నది కనపడాలి. ఎదర మాత్రం కనపడకుండా, పక్కలకు కనపడేలా చేస్తే?

పగిలిన నల్ల కళ్ళద్దాల ముక్కలు రెండు తీసుకుంది. చిక్కుడుగింజంత చేసి, కత్తిపీట నూరే రాయి మీద అంచులు నున్నగా అరగదీసింది. పాత ఫ్రేము నుంచి మెత్తటి క్లిప్పు ఊడదీసి, నొప్పి పుట్టకుండా ముక్కుకు పట్టి ఉండేలా అమర్చింది. మూడేళ్ళ తర్వాత చేసిన పని. అయినా వెంట్రుకవాసి తేడా రాలేదు. దొరసానికి తొడిగి కిందికి దించగానే పాప పడీపడీ నవ్వింది. "కోడి ఆఫీసుకెళ్తోంది!"

పొడవడం ఆగిపోయింది. దొరసాని సిపాయి పక్క నుంచే వెళ్ళినా వాణ్ణి గమనించలేదు. భర్త చప్పట్లు కొట్టాడు. ఆమెకు మాత్రం రెండో రోజుకల్లా ఆ సంతోషం ఎగిరిపోయింది. దొరసానికి గింజలు దొరకడం లేదు. ముక్కు ఒకచోట పెడితే గింజ మరోచోట ఉంటోంది. ఆ సంగతి అందరికంటే ముందు పసిగట్టింది గుమస్తా. ఇన్నాళ్ళూ వెనక ఒదిగి నడిచిన నల్లకోడి ముందుకొచ్చి, దొరసాని జుట్టు మీద ఒక్కటిచ్చింది. కవలలు కూడా పార్టీ మార్చేశాయి. మూడో రోజు పొద్దున దొరసాని జుట్టు నెత్తురోడుతూ, చెత్తబుట్ట వెనక ముడుచుకుని ఉంది.

ఆమె దాన్ని ఎత్తుకుని గుమ్మంలో చతికిలబడింది. తూకానికి పావుకిలో తగ్గినట్టనిపించింది. తెలివితేటలు చూపించబోయి, తను పెంచినదాన్ని తనే గుడ్డిదాన్ని చేసింది.

"ఏమైందే దానికి?" అత్తగారు వచ్చి నిలబడింది.

"తిండి కనపడట్లేదు అత్తయ్యా. మిగతావి పొడిచి చంపుతున్నాయి." ఆమె చీరకొంగుతో దాని నెత్తురు తుడిచింది. "జోడు తీసేస్తే మళ్ళీ సిపాయిని పొడుస్తుంది, మీరు వెళ్ళిపోతారు. ఉంచితే ఇది బతకదు."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకున్న కోడి వంకా, కోడలి వంకా చూసింది.

"నేను వెళ్ళిపోతానని కోడి కళ్ళు మూస్తావా? ముందు ఆ దిక్కుమాలిన దాన్ని తియ్యి."

కోడలు కదిలేలోపే క్లిప్పు ఆవిడే తీసేసింది. పసుపు తడిపి గాయానికి అద్దింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని గింజలు గుప్పిట పట్టి తినిపించింది. "తిను. దొరసానివి కదూ? ఆ నల్లదానికి నేను చెప్తాను."

చూపు తిరిగొచ్చింది గానీ పెత్తనం తిరిగి రాలేదు. గుమస్తా దాన్ని పెరట్లో ఎక్కడా నిలవనివ్వలేదు. మిగిలిన చోటు ఒక్కటే, అత్తగారు వంటింటి వసారాలో సిపాయికి పరిచిన గోనెసంచి. కుక్క వాసనకు మిగతా కోళ్ళు అటు రావు. ఆ సాయంత్రం దొరసాని తల వంచుకుని వెళ్ళి గోనె చివర కూర్చుంది. సిపాయి ఒళ్ళంతా వణికాడు. అది పొడవలేదు కాబట్టి మెల్లగా కళ్ళు మూసుకున్నాడు. మర్నాడు ఇద్దరూ కలిసి పెరట్లోకి దిగారు. గుమస్తా మీదికొస్తే దొరసాని కుక్క కడుపు కిందికి దూరింది. సిపాయి జీవితంలో మొదటిసారి మొరిగాడు. ఆ చప్పుడుకు వాడే ముందు ఉలిక్కిపడ్డాడు.

నెలాఖరున అత్తగారు సంచీ సర్దలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఒకటో తారీకున కళ్ళజోళ్ళమ్మ తన కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి ఇంటికి ఫోన్ చేసింది.

"పాప అన్నం తిందా అత్తయ్యా?"

"తింది."

"ఒళ్ళు వెచ్చగా ఏమన్నా..."

"లేదమ్మాయ్. నీ దొరసాని గోనె మీద గుడ్డు పెట్టింది. ఆ గుడ్డు తనదేమో అనుకుని సిపాయి కదలకుండా కూర్చున్నాడు. తియ్యబోతే పాప ఒప్పుకోవట్లేదు. నాకిక్కడ బోలెడు పనుంది, పెట్టెయ్."

ఫోను కట్టయింది. వెంటనే మళ్ళీ చేసింది, అత్తగారు ఎత్తలేదు. మూడోసారి చెయ్యబోయిన వేలిని వెనక్కి లాక్కుని, ఆమె సానరాయి స్విచ్ నొక్కింది.