గ్రహణం రోజు తలుపు వేసుకున్న గది

మా ఇంజినీరింగ్ కాలేజీ నేలమాళిగలో, బాయిలరు పక్కన ఒక గది ఉంది. మా అమెరికా ఆదివాసీ తెగల పిల్లలు, నవాహోలూ ప్యూబ్లోలూ, సైన్సు, ఇంజినీరింగు చదువులు సగంలో వదిలేసి ఇళ్ళకు పోకుండా యూనివర్సిటీ వాళ్ళు నడిపే పథకం తాలూకు గది. పథకానికి డైరెక్టర్లు నలుగురు వచ్చారు, వెళ్ళారు. వాళ్ళ పేర్లు నాకే సరిగ్గా గుర్తులేవు. గది మాత్రం ఎల్వైరా ఎట్సిట్టీది. కాగితాల మీద ఆవిడ గుమాస్తా. నేను అక్కడ సాయంత్రాలు లెక్కలు చెబుతాను, ఆవిడ చేత చీవాట్లు తింటాను.

కొత్తగా ఎవరొచ్చినా ఎల్వైరా మార్కులు అడగదు. "మీ అమ్మది ఏ వంశం? నాన్నది?" అని అడిగి ముందు వరస తేలుస్తుంది. మా నవాహోల్లో ఎక్కడో ఒకచోట చుట్టరికం కలవకపోదు. వరస కలిసిందంటే ఇక తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. పొద్దున క్లాసు ఎగ్గొడితే మధ్యాహ్నానికల్లా హాస్టలు తలుపు దగ్గర ఉంటుంది. గురువారాలు మటన్ పులుసు వండుతుంది. అది తినాలంటే ఆ వారం పాఠం ఒకటి తనకు నవాహో భాషలో చెప్పాలి. తనకు అర్థం కాకపోతే మనకూ అర్థం కానట్టే లెక్క. ఒకప్పుడు తనూ ఇక్కడే సర్వే కోర్సు రెండేళ్ళు చదివి మానేసిందని విన్నాం. ఎందుకు మానేసిందో అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

ట్రెవా మనీగోట్స్ పినాన్ అనే నవాహో పల్లె నుంచి వచ్చిన మొదటి సంవత్సరం పిల్ల. వరస కలిపితే ఎల్వైరా ఆమెకు చిన్నమ్మ అయింది. బుర్ర చురుకే గానీ నోరు పెగలదు. ఆ అక్టోబరులో ఆమెకు పెద్ద చిక్కు వచ్చిపడింది. కొలత పరికరాల క్లాసులో ప్రొఫెసర్ ఓస్‌గుడ్ ఒక పని పెట్టాడు: వెలుతురు కొలిచే పెట్టె ఎవరిది వాళ్ళు తయారు చేసుకుని, శనివారం సూర్యగ్రహణం వేళ డాబా మీద నిలబడి లెక్క తీయాలి. సగం మార్కులు దానికే. బి గ్రేడు రాకపోతే పథకంలో చోటు పోతుంది. చోటు పోతే ట్రెవా పినాన్ బస్సు ఎక్కాల్సిందే.

గ్రహణం పట్టినంతసేపూ మా నవాహోలం బయటికి వెళ్ళం. తినం, తాగం, నిద్రపోం, ఆకాశం వంక చూడం. సూర్యుడు చనిపోయి మళ్ళీ పుట్టే వేళ అది. ఇంటి పెద్ద పోయేటప్పుడు కిటికీలోంచి తొంగి చూస్తామా?

"కడుపు నొప్పని చెప్పేస్తాను చిన్నమ్మా," అంది ట్రెవా.

"చెప్పు. రేపు ఇంకో పరీక్షకు కాలు నొప్పని చెబుదువు గాని. నడు పైకి."

నాలుగో అంతస్తులో ప్రొఫెసర్ గది ముందు ఎల్వైరా ఆగింది. "నువ్వే అడగాలి. నేను పక్కన నిలబడతాను, అంతే. నోరు విప్పను," అంది. నేనూ వెనక నిలబడ్డాను. గ్రహణం వేళ డాబా మీదికి రాలేను, వేరే దారి ఉందా అని ట్రెవా అడగడానికి ఎంతసేపు పట్టిందంటే, నాకే చెమటలు పట్టాయి.

ఓస్‌గుడ్ చెడ్డవాడు కాదు గానీ గీసిన గీత దాటడు. "పెట్టె తనంతట తానే లెక్క రాసుకునేలా చేయగలవా?" అన్నాడు.

"చేస్తాను సార్."

"అయితే శుక్రవారమే డాబా మీద పెట్టుకో. కానీ మధ్యలో ఆగిపోతే సాకులు వినను."

శనివారం పొద్దున తొమ్మిదికల్లా పదకొండుమందిమి ఆ గదిలో చేరాం. ఎల్వైరా కిటికీకి దుప్పటి కట్టింది. డాబా మీది పెట్టె నిమిషానికోసారి పంపే కబురుకు, బల్ల మీద చిన్న రేడియో టిక్‌మంటోంది. పెట్టె బతికే ఉందని చెప్పే గుర్తు అదొక్కటే. పదీ ఇరవై అయింది. టిక్‌మనాల్సిన రేడియో టిక్‌మనలేదు. ఇంకో నిమిషం చూశాం. లేదు.

ట్రెవా రేడియో చేతిలోకి తీసుకుంది. "సోలార్ పలక," అంది నెమ్మదిగా.

నేను నెత్తి పట్టుకున్నాను. పినాన్‌లో వాళ్ళ ఇంటికి కరెంటు లేదు. దీపానికీ రేడియోకీ పైకప్పు మీది సోలార్ పలకే దిక్కు. అలవాటు కొద్దీ పెట్టెకు కూడా అదే తగిలించింది, బ్యాటరీ పెట్టలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క గ్రహణమూ చూడని పిల్లకి అంత చీకటి పడుతుందని ఎలా తెలుస్తుంది? మిగతా పదిమందిమీ అంతే. పెట్టెను చూసినవాళ్ళమే, ఒక్కరికీ తట్టలేదు. లెక్కలు చెప్పే నాకూ తట్టలేదు, సిగ్గుచేటు.

ట్రెవా సొరుగులోంచి బ్యాటరీ తీసుకుని లేచింది. డాబా దాకా మెట్లు ఎక్కితే రెండు నిమిషాల పని. గడియ మీద చెయ్యి వేసి ఆగి, వెనక్కి తిరిగి ఎల్వైరాను చూసింది.

"వెళితే వెళ్ళు, తల్లీ. కూర్చుంటే కూర్చో. నువ్వు ఏది చేసినా నాకు కూతురివే. కానీ అది నువ్వు తేల్చుకో, ఆ ప్రొఫెసరుకు భయపడి కాదు, నాకు భయపడీ కాదు," అంది ఎల్వైరా.

ట్రెవా బ్యాటరీ పట్టుకునే వచ్చి కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఇరవై తొమ్మిది నిమిషాలు అలాగే కూర్చున్నాం. తర్వాత రేడియో టిక్‌మంది. ఎవరూ ముట్టుకోకుండానే. మాలో ఇద్దరు ఏడ్చేశారు, అందులో ఒకణ్ణి నేను.

పెట్టె రాసిన లెక్కలో మాత్రం నడిమధ్యన పెద్ద ఖాళీ. పక్క విద్యార్థి తన అంకెలు ఇస్తానన్నాడు. ట్రెవా వద్దంది. మూడు రోజులు ఆ పలక ముందు దీపం పెట్టి, వెలుతురు తగ్గించుకుంటూ, సరిగ్గా ఎంత వెలుతురులో పెట్టె ఆరిపోతుందో, ఎంతలో మళ్ళీ లేస్తుందో కొలిచింది. ఖాళీ ఎందుకొచ్చిందో, పైకి ఎందుకు వెళ్ళలేదో ఉన్నదున్నట్టు రాసి ఇచ్చింది.

గురువారం ఓస్‌గుడ్ స్వయంగా కిందికి దిగి వచ్చాడు. "బి ఇచ్చాను. ఖాళీకి మార్కులు కోశాను, దీపం లెక్కకు కొన్ని కలిపాను. సూర్యుడు పోయేది కొలవడానికి సూర్యుణ్ణే నమ్ముకున్న పిల్లని ఇన్నేళ్ళలో చూడలేదమ్మా," అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం. ఎల్వైరా ఆయనకు పులుసు గిన్నె అందించింది. ఆయన రెండు చెంచాలు తిన్నాక అంది:

"తొంభై నాలుగు మేలో సర్వే ఫైనల్ పరీక్ష పెట్టింది మీరే సార్."

"పెట్టే ఉంటాను. అప్పుడు కొత్తగా చేరాను."

"ఆ పొద్దునా గ్రహణమే. నేను రాలేదు. హాస్టల్లో దుప్పటి కట్టుకుని కూర్చున్నాను. మీరు సున్నా వేశారు. మీ తప్పేం లేదు, రానివాళ్ళకి సున్నానే కదా. ఆ వారమే ఇంటికెళ్ళిపోయాను."

ఓస్‌గుడ్ చెంచా గిన్నెలో పెట్టేశాడు. ఎంత గుర్తు చేసుకున్నా ఆయనకు అప్పటి ఎల్వైరా గుర్తు రావడం లేదని మొహంలో తెలుస్తూనే ఉంది.

"నన్ను ఒక్క మాట అడగాల్సింది ఎల్వైరా. ఇంకో రోజు పెట్టేవాణ్ణి," అన్నాడు చివరికి.

"అడగొచ్చని నాకు తెలీదు సార్," అంది ఎల్వైరా. "చెప్పేవాళ్ళు ఎవరూ లేరు."