సన్యాసిరావు బావని ఏ ఊరి లెక్కలో వేశారు

నిన్న పొద్దున ఆమదాలవలస స్టేషన్‌లో సన్యాసిరావు కోసం నిలబడ్డాను.

గరివిడిలో అతను రోజూ ఎక్కే పాసింజర్ వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. అతను దిగలేదు. మళ్లీ రైలు అందుకోలేకపోయాడని తిట్టుకుంటూ ఫోన్ చేశాను. వాళ్లావిడ పార్వతి ఎత్తింది.

"రాత్రి గుండెనొప్పొచ్చిందన్నయ్యా. విశాఖ తీసుకొచ్చేం. దక్కలేదు."

నేను "ఏ వార్డు" అని అడిగాను.

బుర్ర అలా పనిచేసింది.

మా ఇద్దరికీ చుట్టరికం లేదు. డిగ్రీలో ఒకే బెంచీ, అప్పట్నుంచీ బావా అంటే బావా. ఆమదాలవలసలో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాడు.

నిన్నట్నుంచీ వాట్సాప్ గ్రూపుల్లో చూస్తున్నాను. "సౌమ్యుడు", "వివాదాలకు దూరంగా ఉండే మనిషి". ఎవరి గురించి రాస్తున్నారు మీరు? పోయిన ఏడాదంతా ఆ మనిషి ఒక్క తగువు మీద బతికాడు. అదేంటో తెలుసుకుని అప్పుడు RIP పెట్టండి.

వాళ్ల ఊరు గరివిడి అవతల, మెట్ట మీద. ఊళ్లో ఒక ఆరోగ్య సబ్ సెంటర్, అందులో ఒక నర్సమ్మ. దాన్ని ఎత్తేసి పక్క ఊరితో కలిపేస్తామన్నారు ఆరోగ్యశాఖ వాళ్లు. కారణం ఏంటంటే, ఆ ఊళ్లో పుట్టిన బిడ్డల సగటు బరువు బ్రహ్మాండంగా ఉందట. అంత ఆరోగ్యమైన ఊరికి విడిగా నర్సమ్మ ఎందుకట.

బావ తిరిగి తిరిగి ఆ డేటా తెచ్చుకున్నాడు. పేర్లుండవు, తల్లికో నంబరు. రెండు టేబుళ్లు. ఒకదాంట్లో కాన్పులు: బిడ్డ బరువు, ఆసుపత్రిలో చెప్పిన ఊరు. రెండోదాంట్లో తల్లులు: కడుపుతో ఉన్నప్పుడు ఎక్కడున్నారు, అత్తారిది ఏ ఊరు.

ఒకరోజు రైల్లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నాకు చూపించాడు.

"సూడు బావా. మన ఊరి కోడలు నెలలు నిండేదాకా ఇక్కడి నీళ్లే తాగుతాది, ఇక్కడి మడిలోనే వంగి నాట్లేస్తాది. తొలి కాన్పుకి కన్నోరింటికెళ్తాది. ఆస్పత్రిలో కన్నోరి ఊరే సెప్తాది. బక్కగా పుట్టిన బిడ్డ ఆ ఊరి లెక్కలోకి పోతాది."

"మరి మన లెక్కలో ఉన్నదెవరు?"

"పట్నం ఇచ్చిన మన ఆడపిల్లలు. పురిటికి ఇక్కడికే వస్తారు కదేటి. ఆల్ల బిడ్డలు బొద్దుగా పుడతారు. ఆ బరువు మనకి రాస్తారు."

ఎదురు సీట్లో ముసలమ్మ అంతా వింటోంది. "ఏటి బాబూ, పురుడు నీకొచ్చినట్టు అంత బెంగెట్టుకున్నావు," అంది. బోగీ అంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు, స్క్రీన్ మీంచి కళ్లు తీయకుండా.

అతను చేసిన పని చెప్తే ఇంతేనా అంటారు. R అనే సాఫ్ట్‌వేర్‌లో తల్లి నంబరు పట్టుకుని రెండు టేబుళ్లూ కలిపాడు. అత్తారి ఊరు ప్రకారం గుంపులు కట్టాడు. ఒక్కో గుంపుకీ సగటు తీశాడు. జాయిన్, గ్రూప్ బై, మీన్.

మండలంలో పైన మెరుస్తున్న ఊరు అట్టడుక్కి వచ్చి కూర్చుంది.

ఇచ్చెయ్, రేపే కరపత్రం వేసేస్తానన్నాను. ఇవ్వలేదు. కొందరు తల్లులు అత్తారింట్లో ఒకసారి, కన్నవారింట్లో ఒకసారి నమోదయ్యారట. టేబుళ్లు కలిపేసరికి వాళ్ల బిడ్డ రెండు వరసల్లో వచ్చి కూర్చుంటోంది.

"నీ కరపత్రం కోసం ఒకే బిడ్డని రెండుసార్లు కనమంటావేటి బావా?"

అరిచాను. సగటు మీద ఇంత భక్తి ఏంట్రా నీకు అని. "ఆల్లకి ఒక్క తప్పు దొరికితే సాలు, మొత్తం తోసేస్తారు," అన్నాడు. ఒక్కో వరసా సరిచేసుకున్నాడు. అన్నీ సరిచేసినా ఊరు అడుగునే ఉంది.

ఆరోగ్యశాఖ ఆఫీసుకి పట్టుకెళ్లాం. అక్కడి ఆఫీసరు లాప్‌టాప్ వైపు చూడనైనా చూడలేదు.

"మా ఫార్మాట్‌లో కాన్పప్పుడు చెప్పిన ఊరే వస్తుందండీ. అంతా ఆన్‌లైన్."

"కాన్పు ఒక్క పూట సార్. కడుపు తొమ్మిది నెల్లు," అన్నాడు బావ.

 సోమవారం రివ్యూ మీటింగ్‌కి రాసి తెచ్చుకోండి అన్నారు. నిన్న పొద్దున నాకు తెచ్చి ఇవ్వాల్సింది అదే.

డేటా అబద్ధం చెప్పదు అని ఎవరో ఒక తెలివైనవాడు కింద కామెంట్ పెడతాడు. ముందే చెప్తున్నాను. ఆ టేబుల్లో ఒక్క అంకె కూడా తప్పు కాదు. ప్రతి బిడ్డ బరువూ నిజం. ఆ బిడ్డని తీసుకెళ్లి ఎవరి పక్కన నిలబెట్టారన్న దగ్గరే ఉంది మోసం. మోసం అని చూపించాక కూడా ఫార్మాట్ అంతే అన్నవాళ్లని ఏమనాలో మీరే చెప్పండి.

నిన్న మధ్యాహ్నం విశాఖ ఆసుపత్రి కౌంటర్ దగ్గర పార్వతి పక్కన నిలబడ్డాను. అతని వివరాలు చెప్పాను. మరణం ఇక్కడే నమోదవుతుంది, చనిపోయిన చోటు లెక్కలోకే వస్తుంది అన్నాడు కుర్చీలో అతను.

ఊరు గరివిడి అవతల అన్నాను.

"అడ్రస్ రాసుకున్నాం సార్. లెక్క మాత్రం విశాఖదే."

గొడవ పెట్టుకున్నాను. గట్టిగానే. పార్వతి నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "ఆరుంటే నవ్వేవోరు అన్నయ్యా," అంది. లాప్‌టాప్ సంచీ నా భుజానికి తగిలించింది.

బావా, సోమవారం నేను వెళ్తున్నాను. నీ టేబుల్ పట్టుకుని, నీ ఊరి కోడళ్లని వెంటబెట్టుకుని. నర్సమ్మ ఉంటుందో లేదో నాకు తెలీదు. వాళ్లు ఆ టేబుల్ చూడకుండా మాత్రం మీటింగ్ ముగియదు.

వాళ్లు నిన్ను ఏ లెక్కలో వేసుకున్నా నువ్వు మీ ఊరి మనిషివే.

నిశ్చింతగా నిద్రపో బావా. తగువు సంగతి నేను చూసుకుంటాను.