వేటకోటుకి పట్టిన పోపు

మధుసూదనరావు కారు ఐర్లండ్‌లో విక్లో కొండ సగం ఎక్కేసరికి, రోడ్డుకి అడ్డంగా ఒక ముసలావిడ చెయ్యెత్తి నిలబడి ఉంది. పొట్టి మనిషి, డెబ్భై దాటి ఉంటాయి. భుజాన తాడుచుట్ట, చేతిలో కర్ర. వెనకాల, రోడ్డు పక్క మెత్తనేలలో, ఆవిడ పాత జీపు మేత మేస్తున్న గేదెలా ముక్కు దించుకుని కూరుకుపోయి ఉంది.

రావు కారాపి అద్దం దించాడు.

"పాడ్రిగ్ వాళ్ళ పొలం దాకా దింపుతావా? వాడి ట్రాక్టరుతో గానీ ఇది లేవదు," అంది. అని, ఒకడుగు వెనక్కి వేసి, ముక్కు పైకెత్తి రెండుసార్లు గాలి పీల్చింది.

"నేనూ అక్కడికే మేడమ్! రండి, ఎక్కండి, జాగ్రత్త, ఆ బూట్లు ఇలా జరుపుతాను."

ఆ దారిలో ఉన్నది ఒక్క పొలమే కాబట్టి ఇందులో వింతేం లేదు. ఆ రోడ్డు రెండొందల ఏళ్ళ కిందట, తిరుగుబాటు చేసి కొండల్లో దాక్కున్నవాళ్ళని పట్టుకోవడానికి సైన్యం వేసుకున్నది. ఇప్పుడు దాని మీద తిరగబడేవి గొర్రెలొక్కటే. రెండు గొర్రెలు అడ్డంగా పడుకుని, హారన్ కొడితే లేచి, నువ్వెవరన్నట్టు చూసి, మళ్ళీ పడుకున్నాయి. ఈలోగా ఆవిడ తన పేరు మార్తా అని చెప్పింది. ఆవిడ చెప్పగలిగింది అంతే. మిగతా దారంతా రావు చెప్పాడు.

మాట్లాడకుండా ఉండటం అతని వల్ల అయ్యే పని కాదు. ఇంజనీరింగులో వైవా పరీక్షకి వెళ్తే, ఒక్క ప్రశ్న వేసిన పాపానికి ఎగ్జామినరు భోజనం మానుకోవలసి వచ్చిందని చీరాలలో ఇప్పటికీ చెప్పుకుంటారు. డబ్లిన్ దగ్గర క్లోనీ పక్కన పచ్చిక బీళ్ళలో విమానాల షెడ్లంత డేటా సెంటర్లు లేస్తున్న రోజుల్లో అతను ఐర్లండ్ వచ్చాడు. ప్రపంచంలోని జనమంతా దాచుకున్న పెళ్ళిఫొటోలు, పిల్లల వీడియోలు వేడెక్కి మాడిపోకుండా ఆ షెడ్లలోకి చల్లగాలి తోలించి, వేడిగాలి బయటికి పంపించడం అతని ఉద్యోగం. ఏ కంప్యూటర్ల బీరువా సందులోంచి గాలి ఎటు పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. దానికే జీతం.

ఇల్లు నేవన్ అనే ఊళ్ళో. ఇంటి వెనక చెక్క షెడ్డు. ఆ షెడ్డుని చూస్తే మనిషి జీవితచరిత్ర చదవక్కర్లేదు. నాలుగు పాఠాలు నేర్చిన గిటారు, రెండు మబ్బు రాత్రుల తరవాత మూతపడిన టెలిస్కోపు, రొట్టెల మిషను, తేనెటీగలు రాని తేనెపెట్టె. ఏ పనైనా పెళ్ళిలాగా మొదలుపెడతాడు. మూడో నెలకి షెడ్డు తలుపు తీస్తాడు. భార్య మంగాదేవి కొంతకాలం తిట్టింది, కొంతకాలం నవ్వింది, ఆ తరవాత షెడ్డుకి ఇంకో అర కొట్టించింది.

వేట సంగతి ఎత్తినప్పుడు మాత్రం ఆవిడ గట్టిగా ఒక మాటంది. "ఏవండీ, మిగతావైతే షెడ్డులో పడేశారు. తుపాకీ పడేస్తానంటే గార్డులు ఊరుకోరు. ఆలోచించుకోండి."

గార్డులంటే ఇక్కడి పోలీసులు. లైసెన్సు ఇచ్చే ముందు, తుపాకీ పెట్టుకునే ఇనప్పెట్టె గోడకి సరిగ్గా బిగించారో లేదో చూసుకోవడానికి ఒక కుర్ర గార్డు వచ్చాడు. పెట్టె తెరిస్తే అందులో పట్టుగుడ్డలో కాసులపేరు, మూడు పాస్‌పోర్టులు, వెండి కుంకుమభరిణె.

"ఇంత గట్టి పెట్టె ఇంట్లో ఇంకోటి లేదు కదండీ," అంది మంగాదేవి, నిష్పూచీగా.

"తుపాకీ ఎక్కడ పెడతారు?" అన్నాడతను.

"కొంచెం పక్కకి జరుపుతాం."

జరిపితే చాలదని చెప్పడానికి ఆ గార్డుకి రెండు కప్పుల కాఫీ, నాలుగు జంతికలు పట్టాయి.

కాల్చడం మాత్రం రావుకి ఇట్టే వచ్చింది. నేల మీద బోర్లా పడుకుని, ఊపిరి సగం వదిలి, గుండె కొట్టుకునే రెండు చప్పుళ్ళ మధ్య వేలు నొక్కాలి. వందమీటర్ల దూరంలో అరచేతంత వృత్తంలో మూడు గుండ్లూ పడేవి. అక్కడ నేర్పేవాళ్ళు సైతం ఆశ్చర్యపోయారు. ఆ ప్రాక్టీసు మైదానంలోనే, టీ తాగుతూ, పాడ్రిగ్ పరిచయమయ్యాడు. కొండమీద ఆరువందల ఓక్ మొక్కలు నాటితే జింకలు చిగుళ్ళు కొరికేస్తున్నాయని వాపోతున్నాడు. ఇక్కడ వేటాడాలంటే పొలం యజమాని రాసిచ్చిన కాయితం ఉండాలి. రావు రెండు గంటలు మాట్లాడాడు. ఇంటికి పోవడానికి వేరే దారి కనపడక పాడ్రిగ్ సంతకం పెట్టాడు.

పెడుతూ ఒక షరతు చెప్పాడు. "ఫిబ్రవరి ఆఖరుకి ఒక్క ఆడజింకైనా పడాలి. లేకపోతే ఈ కాయితం వేటకోసం అడుగుతున్న డబ్లిన్ అన్నదమ్ములకిస్తా. వాళ్ళు ముగ్గురు, మాట్లాడరు."

ఆడజింకల వేటకి ఫిబ్రవరి చివరిరోజే గడువు. ఈవేళే ఆ రోజు.

సెప్టెంబరులోనే కోటు కొన్నాడు, ఆకులరంగు టోపీ కొన్నాడు, మొహానికి వల కొన్నాడు, కూర్చోవడానికి మెత్త, గాలివాటు చూడటానికి సీసాలో తెల్లపొడి, జర్మన్ దుర్భిణి కొన్నాడు. నవంబరు నుంచి ఆరుసార్లు వచ్చాడు. ఆరుసార్లూ ఒకటే వరస. జింక కనపడుతుంది, తల ఎత్తుతుంది, ఈల వేసినట్టు అరుస్తుంది, తెల్లటి పిరుదులు చూపించి పోతుంది. చప్పుడు చేస్తున్నానేమోనని ఐదోసారి నోట్లో చేతిరుమాలు కుక్కుకున్నాడు. అయినా పోయింది.

"అదీ మేడమ్ నా సంగతి. ఈవేళ కూడా పడకపోతే తుపాకీ అమ్మేయడమే. లోపం ఎక్కడుందో తెలిసి చావట్లేదు," అన్నాడు, పొలం గేటు ముందు కారాపుతూ.

మార్తా దిగలేదు. "ఆ కోటు ఇంట్లో ఎక్కడ తగిలిస్తావు?"

"మెట్ల కింద, కొక్కేనికి."

"మెట్ల పక్కనేముంది?"

"వంటిల్లండి. మధ్యలో గోడ లేదు, ఇక్కడి కొత్తిళ్ళు తెలుసుగా."

"ఏం వండుకుంటారు?"

ఇలాంటి ప్రశ్న రావుని ఐర్లండ్‌లో ఎవరూ అడగలేదు. మొహం వెలిగిపోయింది. ముద్దపప్పు దగ్గర మొదలుపెట్టి, గుత్తొంకాయ మీదుగా, రసంలో ఇంగువ పోపు దగ్గరికి వచ్చాడు. నూనె కాగాక ఆవాలు చిటపటమనాలి, ఎండుమిర్చి ఘాటెక్కాలి, అప్పుడు ఇంగువ; ఇంగువ పడ్డాక వీధిలోవాళ్ళకి తెలియాలి.

"జింకలకీ తెలుస్తోంది," అంది మార్తా. "నీ కోటుకి పోపు పట్టింది నాయనా. అరమైలు దూరం నుంచే నువ్వేం తిన్నావో వాటికి చెప్పేస్తోంది. ఇంకేదో పొగ కూడా ఉందే?"

"సాంబ్రాణి," అన్నాడు రావు చిన్న గొంతుతో. దసరాకి మంగాదేవి సామానంతా వరసగా పెట్టి ఆయుధపూజ చేసింది. కోటుకి, బూట్లకి, తుపాకీకి, దుర్భిణికి ధూపం వేసింది. దుర్భిణి మీద కుంకుమబొట్టు ఇంకా ఉంది. చందనం, కస్తూరి, జవ్వాది పూసుకుని వేటకెళ్ళిన రాజుల్ని మన కవులు పుటలకొద్దీ వర్ణించారు. ఆ రాజులకి జింకలెలా చిక్కాయో మాత్రం ఒక్కరూ రాయలేదు. ముందు రోజే పట్టి కట్టేసి ఉంచేవారేమో.

రావు కోటుచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కళ్ళముందు తన ఇల్లు డేటా సెంటరులా నిలబడింది. పొయ్యి దగ్గర వేడి, చలికి బిగించిన కిటికీలు, పొగగొట్టంలా పైకిపోయే మెట్లు. వేడిగాలి పోయే దారికి సరిగ్గా అడ్డంగా అతని కోటు! ఆఫీసులో ఎవడైనా అక్కడ ఒక కాయితం పెడితే కేకలేసేవాడు.

అప్పుడే ఇంకో సంగతి గుర్తొచ్చింది. పదకొండేళ్ళ కూతురు లోహిత స్కూలుకోటు మెట్ల కింద తగిలించదు. మేడమీద తన గదిలో ప్రెస్సులో, అదే, అల్మరాలో పెట్టి తలుపు వేస్తుంది. ఎందుకమ్మా అని ఒకసారి అడిగితే, "ఇట్స్ గ్రాండ్ దేర్, డాడ్," అంది, అక్కడే బాగుంటుందని, తల ఎత్తకుండా. పిల్లకి ఎంత శుభ్రమో అని ఆ వారమంతా ఫోనులో అందరికీ చెప్పుకున్నాడు.

"మా అమ్మాయికి ముందే తెలుసన్నమాట," అన్నాడు.

"ముక్కున్నవాళ్ళకి తెలుస్తుంది," అంది మార్తా. "నేను యాభై ఏళ్ళుగా ఈ కొండల్లో వేటాడుతున్నాను. దిగు."

పాడ్రిగ్ పశువుల సంతకి వెళ్ళాడు, సాయంత్రానికి గానీ రాడని గేటుకి చీటీ ఉంది. ట్రాక్టరు తాళం అతని జేబులో. ఇక మార్తాకి చెయ్యడానికి రావు తప్ప పని లేకపోయింది. కోటు విప్పించింది. టోపీ, వల, మెత్త కారులో పెట్టించింది. వాగులో మొహం, చేతులు, జుట్టు కడిగించింది. ఆ నీళ్ళు తగలగానే చీరాల శివాలయం దాకా వినిపించేలా "శివశివా" అన్నాడు. పాకలో, పాడ్రిగ్ గొర్రెలకి పురుళ్ళు పోసేటప్పుడు వేసుకునే కోటు వేలాడుతోంది. అది తొడిగించింది; చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి, బొత్తాలు లేవు. నడుముకి గడ్డిమోపుల తాడు కట్టింది.

"ఆ డబ్బాలో ఏంటి?"

"పులిహోర మేడమ్. ఆకలేస్తుందని..."

"పాతిపెట్టనైనా పెట్టాలి, తిననైనా తినాలి," అని, కారులోనే కూర్చుని తినేసింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, తనూ వాగు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది.

ముళ్ళకంచెకి చిక్కుకున్న గొర్రె ఉన్ని చిటికెడు లాగి గాల్లోకి వదిలింది. అది వాళ్ళ మొహాల మీదికి ఎగిరొచ్చింది. గాలి మొక్కల వైపు నుంచి వీస్తోంది. ఇద్దరూ వంగి వంగి వెళ్ళి, గోధుమరంగు ఎండుగడ్డి గట్టు వెనక పడుకున్నారు.

"చీకటిపడేలోపు వస్తాయి. లేదంటే ఇక రానట్టే. మాట్లాడావో, నేనే కాలుస్తాను," అంది.

ఓపిక గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిని రాసినవాళ్ళెవరూ తడినేల మీద పడుకుని రాయలేదు. పదో నిమిషానికి రావుకి తన మేనేజరు సంగతి చెప్పాలనిపించింది. అరగంటకి ఎడంకాలు తిమ్మిరెక్కింది, అదీ చెప్పాలనిపించింది. గంటకి, ఈ సికా జాతి జింకలు నూటయాభై ఏళ్ళ కిందట ఒక దొరగారు జపాను నుంచి తెప్పించుకున్నవని, అంటే అవీ తనలా సముద్రం దాటొచ్చి కాపురం పెట్టినవేనని తోచి, ఇంత చక్కటి మాట వృథా అయిపోతోందే అని పళ్ళు బిగించుకున్నాడు. తుంపర మొదలై ఆగింది. రెండు గంటలకి మాటలు వాటంతటవే అలిసిపోయాయి. లోపల ఎవరో ఫ్యాను ఆపేసినట్టయింది. అంత నిశ్శబ్దం తనలో ఉంటుందని అతనికి ఇన్నాళ్ళూ తెలీదు.

పొద్దు వాలుతుండగా వచ్చాయి. నాలుగు. మొక్కల మధ్య ఒక్కో అడుగే వేస్తూ, చిగుళ్ళు తెంపుతూ. ఆఖరిది ఆగింది. తల ఎత్తి సూటిగా గట్టు వైపు చూసింది. నల్లటి ముక్కుపుటాలు కదిలాయి. రావు గుండె చెవుల్లో మోగింది. ఏడోసారి కూడా ఇంతేనా? ఈల కోసం ఎదురుచూశాడు.

గాలి ఒక్కసారి సుడి తిరిగినట్టనిపించింది. జింక ముక్కుకి ఏదో తగిలింది. అది పాడ్రిగ్ కోటులోని గొర్రె వాసన. ఈ కొండమీద గొర్రె కన్నా విసుగుపుట్టే వాసన లేదు. జింక తల దించి, పక్కకి తిరిగి, మేతలో పడింది.

ఊపిరి సగం వదిలాడు. రెండు చప్పుళ్ళ మధ్య వేలు నొక్కాడు.

మూడు పారిపోయాయి. ఒకటి పడినచోటే ఉంది.

దగ్గరికి వెళ్ళాక అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దాని మెడమీద చెయ్యి వేశాడు. ఇంకా వెచ్చగా ఉంది, నోట్లో సగం నమిలిన చిగురు. మార్తా కత్తి తీసి, పొట్ట ఎక్కడ కోయాలో, దేన్ని తాకకూడదో చూపించింది. చెప్పినట్టే చేశాడు. ఒకసారి మొహం పక్కకి తిప్పుకుని, మళ్ళీ చేశాడు.

"గ్రాండ్," అంది మార్తా. "బాధపడలేదది. చాలామంది మొదటిసారి ఇంత శుభ్రంగా కాల్చరు."

కింద పొలంలో లైటు వెలిగింది. పాడ్రిగ్ వచ్చేశాడు.

"వెళ్ళి చూపించు. ఆ కాయితం నీదే, ఇక ఏ అన్నదమ్ములకీ ఇవ్వడు. నోరులేనివాళ్ళంటే వాడికీ భయమేలే." గట్టుమీద కూర్చుని కత్తి గడ్డికి తుడిచింది. మూడు గంటలు మూసుకున్న నోరు, యాభై ఏళ్ళుగా ఒంటరిగా కొండలు తిరిగిన నోరు, తెరుచుకుంది. "నా మొదటిది నాకు పందొమ్మిదేళ్ళప్పుడు పడింది. మా నాన్న నమ్మలేదు. ఎవరు కొట్టారే అన్నాడు. నేనే అన్నాను. అప్పుడాయన ఏమన్నాడో తెలుసా? ఆయన సంగతి చెప్పాలంటే ముందు మా తాత సంగతి చెప్పాలి..."

ఆరు ప్రయాణాలుగా రావు ఈ క్షణం కోసం మాటలు సిద్ధం చేసుకున్నాడు. మంగాదేవికి ఒకటి, లోహితకి ఒకటి, ఆఫీసుకి చాలా పెద్దది. ఇప్పుడు ఒక్కటీ గొంతు దాకా రాలేదు. జింక ముందుకాళ్ళకి తాడు బిగించాడు. ముడి సరిచూసుకున్నాడు.

"...మా తాతకి ఒక కన్నే ఉండేది. అదెలా పోయిందంటే... ఇదిగో, వింటున్నావా?"

మార్తా తల ఎత్తేసరికి, మోచేతుల దాకా వచ్చిన ఆ కోటుతో, తాడు భుజానికి వేసుకుని జింకని ఈడ్చుకుంటూ, వస్తానని గానీ పోతానని గానీ అనకుండా, మొక్కల వరసల మధ్యనుంచి పాడ్రిగ్ లైటు వైపు ఆ మనిషి దిగిపోతున్నాడు.