ఆడొక గోడ, ఈడొక గోడ

ఫయాజ్ పదో తరగతి, ఇంటర్, డిగ్రీ సర్టిఫికెట్లు మూడేళ్లుగా వెంకటేశ్వర్లు బీరువాలో ఉన్నాయి. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసి, వాటి ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి మగ్గాలవాళ్లకు ఇచ్చే షాపు వెంకటేశ్వర్లుది. ఆ చిల్లులను బట్టే మగ్గం మీద అంచు నేస్తారు. ఫయాజ్‌కు ముందు అక్కడ పనిచేసిన డిజైనరు ఒకరోజు అన్నానికని వెళ్లి పక్క వీధిలో పోటీ షాపులో కూర్చున్నాడు. అప్పటినుంచి ఎవరు చేరినా ఒరిజినల్స్ బీరువాలోకి పోవాల్సిందే. భద్రంగా ఉంటాయని చెప్పేవాడు. భద్రంగానే ఉన్నాయి.

ఫయాజ్ పెనుకొండ నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. హిందూపురంలో బీకాం చదివాడు గాని కంప్యూటర్ అతనికి ఎవరూ నేర్పలేదు. బెంగళూరు అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల షాపులో అట్ట ఊడిన నెట్‌వర్కింగ్ పుస్తకం ఒకటి తెచ్చుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని రైల్లోనే రెండుసార్లు చదివాడు. తనకు తెలిసినదాంట్లో సగం కూడా తెలియనివాళ్లు ఇంగ్లీషు గడగడా మాట్లాడతారు కాబట్టి ఏసీ గదుల్లో కూర్చున్నారన్న కడుపుమంట మాత్రం ఏ పుస్తకం చదివినా చల్లారలేదు.

2009 జులైలో కాలేజీ స్నేహితుడు ఇర్షాద్ బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. తన ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే సీటు ఒకటి ఖాళీ అయిందని, ఫయాజ్ గురించి చెప్పానని, వచ్చే సోమవారం పదింటికి ఒరిజినల్స్ తెచ్చి చేరాలని అన్నాడు. జిరాక్సులు పనికిరావన్నాడు.

అదే వారం షాపులో పాత కంప్యూటర్ చచ్చిపోయింది. కొత్తది తెచ్చారు. కాని చీరల డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీద తప్ప నడవదు. ఫయాజ్ పుస్తకంలో చదివినది గుర్తుచేసుకుని, కొత్త కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ పుట్టించాడు. వర్చువల్ మెషీన్. అదొక కిటికీలాగా తెరుచుకుంటుంది, అందులో పాత విండోస్, అందులో పాత సాఫ్ట్‌వేర్. వెంకటేశ్వర్లు తెర ముందు వంగి చూసి, చనిపోయినోణ్ని లేపి కూర్చోబెట్టినావు కదప్పా అన్నాడు. సర్టిఫికెట్ల సంగతి అప్పుడే అడిగేశాడు ఫయాజ్. వెనక గదిలో చిల్లులు కొట్టే మిషను దాకా డిజైన్ పోనీ, ఆ పొద్దే బీరువా తీస్తానని వెంకటేశ్వర్లు మాటిచ్చాడు.

డిజైన్ పోలేదు. లోపలి కంప్యూటర్ తను గీసింది బయటి కంప్యూటర్‌లోని ఫోల్డర్లో పెట్టాలి, వెనక గదిలోని మిషను దాన్ని అక్కడినుంచి తీసుకోవాలి. లోపలినుంచి బయటికి ఉన్నావా అని పలకరింపు పంపితే జవాబు రావడం లేదు. కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే నంబర్లు మార్చాడు ఫయాజ్, కేబుల్ మార్చాడు, వర్చువల్ మెషీన్‌ను తీసేసి మళ్లీ పెట్టాడు. శుక్రవారమంతా గడిచిపోయింది. శనివారం పొద్దున ఇర్షాద్‌కు ఫోన్ చేశాడు.

ఇర్షాద్ మొదట అడిగిందే ఫైర్‌వాల్ గురించి. బయటివాళ్లు చొరబడకుండా కంప్యూటర్ తన చుట్టూ కట్టుకునే గోడ అది.

"ఆడ ఫైర్‌వాల్ తీసేసినావా?"

"ఆడ నిన్ననే తీసేసినా."

అయితే నంబర్లలోనే తప్పుండాదని ఇర్షాద్ తేల్చాడు. ఒక్కో నంబరు చదివించుకున్నాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. మీటింగుందని పెట్టేసి, మధ్యాహ్నం మళ్లీ చేసి, మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. మళ్లీ అదే జవాబు. మూడోసారికి ఫయాజ్‌కు ఒళ్లు మండింది.

"ఎన్నిసార్లు చెప్పల్లబ్బా? లోపల తీసేసినా అంటాండా కదా."

ఇర్షాద్ ఆ మాట పట్టుకున్నాడు.

"లోపలా? నేనడిగింది లోపలిది కాదు. ఆడ అంటే మీ ఆడ, ధర్మవరంలో, నీ ముందరుండే కంప్యూటర్."

"నా ముందరుండేది నాకు ఈడ కదప్పా. కిటికీ లోపలుండేది ఆడ."

"రెండు గోడలుంటే ఒకటి పగలగొట్టి రెండోదానికి తల కొట్టుకుంటాండావు. ఈ ముక్క నీ పుస్తకంలో రాయలేదా?"

ఫయాజ్ బయటి కంప్యూటర్ సెట్టింగులు తెరిచాడు. గోడంతా తీయనక్కర్లేదు. ఫైళ్ల మార్పిడికి దారివ్వాలా అన్నచోట ఒక చిన్న పెట్టె ఖాళీగా ఉంది. టిక్కు పెట్టాడు. లోపలినుంచి పలకరింపు పంపాడు. నాలుగు జవాబులు వరసగా వచ్చాయి. ఐదు నిమిషాల్లో వెనక గదిలో మిషను టకటకమని అట్టలకు చిల్లులు కొట్టసాగింది.

వెంకటేశ్వర్లు బయటికొచ్చి ఫయాజ్ భుజం తట్టాడు. టీ తెప్పించాడు. టీ అయ్యాక ఫయాజ్ లేచి నిలబడి బీరువా వైపు చూశాడు.

"ఇస్తానప్పా, నేనేం తింటానా వాటిని," అన్నాడు వెంకటేశ్వర్లు. "కానీ ఈ కంప్యూటర్లో కంప్యూటరేందో నాకు తెలీదు, ఈ ఊర్లో ఎవురికీ తెలీదు. రేపు ఆగిపోతే శ్రావణం పెండ్లిళ్ల చీరలు ఎవురు సూస్తారు? దసరా దాకా ఉండు."

"మాటిచ్చినారు కదన్నా."

"ఇచ్చినా. నువ్వు ఇంత బాగా చేస్తావనుకోలేదు."

పని కాకపోతే బీరువా తెరుచుకోదు, పనయితే ఇంకా గట్టిగా మూసుకుంటుంది. వెంకటేశ్వర్లు వెనక గదిలోకి వెళ్లగానే ఫయాజ్ మౌస్ పట్టుకుని ఆ టిక్కు తీసేశాడు.

రెండో డిజైన్ రావడం లేదని వెనక గదిలోంచి కేక వినబడింది. "చూస్తానన్నా," అన్నాడు ఫయాజ్. మూడేళ్లుగా రోజుకు పదిసార్లు అంటున్న మాటే. వేలు మౌస్ మీదే ఉంది. ఆపేస్తే ఈయన తిడతాడు, ఇంకొకరిని పిలిపిస్తాడు, వచ్చినవాడికి పని రాదు, మళ్లీ ఫయాజ్ అంటారు. దాంట్లో ఎక్కడా తను సోమవారం రైలెక్కే దారి లేదు. అదీగాక తన చేత్తో నడిపించిన దాన్ని తనే చెడగొట్టి, దాని ముందు తెలివితక్కువవాడిలా కూర్చోవడం అతనికి చేతకాలేదు. టిక్కు మళ్లీ పెట్టాడు. డిజైన్ వెళ్లింది.

"నీ చేయి పడితేనే వింటాదప్పా అది," అన్నాడు వెంకటేశ్వర్లు గోడ అవతలినుంచి, ఎంతో మెచ్చుకోలుగా.

ఆదివారం సెలవుకని హిందూపురం వచ్చిన ఇర్షాద్ ఇంటికి వెళ్లి సంగతి చెప్పాడు ఫయాజ్. ఇర్షాద్ వెంకటేశ్వర్లును తిట్టాడు, తర్వాత ఫయాజ్‌నూ తిట్టాడు. తమ ఆఫీసు ఒక్కరోజు కూడా ఆగదన్నాడు. సోమవారం పదింటికి ఆ సీటులో చిక్కబళ్లాపురం అబ్బాయి ఒకడు కూర్చున్నాడు. ఆ వేళకు ధర్మవరంలో ఫయాజ్ ఏడో చీర అంచు పంపుతున్నాడు. అది ఎక్కడా ఆగకుండా పోయింది.