ట్రాక్ మధ్యలో యాదగిరన్న

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. కడప నుంచి వచ్చి, హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ మణికొండలో అద్దెకుండేవాణ్ణి. ఖాళీ దొరికితే చాలు, కంప్యూటర్‌కు స్టీరింగు, పెడళ్లు బిగించి ఆన్‌లైన్ కారు రేసులు ఆడేవాణ్ణి. ఎవరినీ గుద్దకుండా నడిపితే రేటింగు పెరుగుతుంది. ఒక్కసారి గుద్దుకుంటే నెల కష్టం గంగపాలే.

ఇంటి ఓనరు యాదగిరన్న సిటీ బస్సు డ్రైవరు. ఉద్యమం కోసం సమ్మెలో ఉన్నాడు. ఒక మధ్యాహ్నం నేను ఆడుతుంటే నా గది గుమ్మంలో నిలబడి, "జర నేనొకసారి పట్టనా తమ్మీ? స్టీరింగు పట్టక చేతులు గుంజుతున్నయ్" అన్నాడు. అసలు డ్రైవరు ఇందులో ఎలా నడుపుతాడో చూడాలని నాకూ కుతూహలంగా ఉండి, కుర్చీ ఇచ్చాను.

ఆయన ఎడమ చెయ్యి అక్కడ లేని గేరు రాడ్డు కోసం వెతికింది. అయినా రెండు రౌండ్లు ఎవరికీ తగలకుండా నడిపాడు. మూడో రౌండులో ముందు కారు పల్టీ కొట్టింది. యాదగిరన్న గట్టిగా బ్రేకు తొక్కి, ట్రాక్ మధ్యలో ఆపేశాడు.

"ఆపొద్దన్నా, పోనీ!" అని అరిచాను.

"ఏంది, గిట్ల ఇడిసిపెట్టి పోతమా? లోపల మనిషున్నడు గద!"

వెనక కార్లు వచ్చి ధనాధన్ గుద్దాయి. స్పీకర్లలోంచి మిగతా ఆటగాళ్ల తిట్ల వర్షం. నా రేటింగు పాతాళానికి పోయింది. అంతలో ఆ పల్టీ కొట్టినతను, ఏ దేశంవాడో, మెసేజ్ పెట్టాడు: 'నా కోసం ఆగావా?'

చదివి చెప్పాను. "దెబ్బలేం తాకలే గద, అడుగు" అన్నాడు యాదగిరన్న.

రేటింగు తర్వాత మళ్లీ సంపాదించుకున్నాను. కానీ ఇప్పటికీ ట్రాక్ మీద ఎవరి కారైనా పల్టీ కొడితే, ముందుగా నా కాలు బ్రేకు మీదికే పోతుంది.